పాత కెమిస్ట్రీ సెట్: మందులు పారేయాలా, డబ్బా బాగుచేయాలా?

సుబేదారి:
సజ్జ మీది సామాను దించితే పాత కెమిస్ట్రీ సెట్ ఒకటి బయటపడింది. అట్ట డబ్బా, మూత దాదాపు 40 సెం.మీ. పొడవు, 28 సెం.మీ. వెడల్పు. మూత మీద ఒక పిలగాడు టెస్ట్‌ట్యూబును వెలుతురుకు ఎత్తి చూస్తున్న బొమ్మ. లోపల థర్మోకోల్ ట్రే, అందులో ఏ సీసాకు ఆ సీసా సైజు గుంట. 16 మందు సీసాలు, 6 టెస్ట్‌ట్యూబులు, గాజు స్పిరిట్ దీపం, నడుమ తెల్లటి బిళ్ల ఉన్న ఇనుప జాలి, లిట్మస్ పుస్తకం, చిన్న ప్లాస్టిక్ చెంచా ఉన్నాయి. మాన్యువల్ మొదటి పేజీలు చెదలు తిన్నాయి.

మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) మీద తెల్ల పొడి కట్టింది. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) ఆకుపచ్చ పోయి జంగు రంగుకు తిరిగింది. నవసారం (అమ్మోనియం క్లోరైడ్), హైపో (సోడియం థయోసల్ఫేట్) రాయిలా గడ్డకట్టాయి. సున్నం, గంధకం, పటిక, వంటసోడా, పర్మాంగనేట్ లేబుళ్లు చదవడానికి వస్తున్నాయి. లేబుల్ ఊడిపోయిన రెంటిలో ఒకదాంట్లో నారింజ రంగు పలుకులు, ఇంకోదాంట్లో గులాబీ రంగువి. డబ్బాకు మూలల పిన్నులు జంగుపట్టి రెండు మూలలు విచ్చుకున్నాయి, మూత మీద సెల్లోటేపు ఎర్రబారి అంటుకుపోయింది.

ఇందులో ఏవి ఉంచుకోవచ్చు, ఏవి తీసేయాలి? డబ్బాను ఇంట్లోనే బాగుచేయొచ్చా? ఇంట్లో ఏడో తరగతి పిల్ల ఉంది, ఈ సెట్టునే మళ్లీ నింపి ఇవ్వొచ్చా?

బ్యూరెట్:
సీసాల సంగతి తర్వాత. మీ డబ్బాలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఆ జాలి. పాత జాలీల నడుమ ఉండే తెల్లబిళ్ల చాలావరకు ఆస్బెస్టాసే (పీలిస్తే ఊపిరితిత్తులను చెడగొట్టే రాతినార). సిరామిక్ బిళ్లలు తర్వాత వచ్చాయి. చూపుతో రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఆస్బెస్టాస్ అనుకునే పని చేయండి. గీకొద్దు, దులపొద్దు, విరిచి చూడొద్దు. స్ప్రే సీసాలో నీళ్లు పోసి రెండు చుక్కలు గిన్నెల సబ్బు కలిపి, బిళ్ల పూర్తిగా తడిసేలా కొట్టండి. తడిగా ఉన్నప్పుడే మందపాటి పాలిథిన్ కవర్లో పెట్టి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి టేపు వేసి, పైన 'ఆస్బెస్టాస్' అని రాయండి. జాలి కింద ఉన్న గుంటను తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డనూ అందులోనే వేయండి. చీపురు, వాక్యూమ్ రెండూ వద్దు.

తర్వాత లేబుల్ లేని రెండు. నారింజ పలుకులు పొటాషియం డైక్రోమేట్ అయ్యే అవకాశమే ఎక్కువ, గులాబీవి కోబాల్ట్ క్లోరైడ్. రెండోదాన్ని మూత తీయకుండానే పోల్చుకోవచ్చు. ఎండాకాలంలో తేమ పోతే నీలానికి తిరుగుతుంది, వానలకు మళ్లీ గులాబీ అవుతుంది. రెండూ క్యాన్సర్ కారకాల జాబితాలో ఉన్నవే. మూత తీయకండి. పరీక్ష చేసి నిర్ధారించుకోవాలన్న ఆరాటమూ వద్దు.

మిగతావి చెడిపోయినట్టు కనిపిస్తున్నా అన్నీ చెడిపోలేదు. మైలతుత్తం మీద తెల్లపొడి అంటే పలుకులో కట్టుబడి ఉన్న నీరు ఎగిరిపోయింది, అంతే. చిటికెడు తీసి ఒక నీటి చుక్క వేస్తే మళ్లీ నీలం అవుతుంది. అన్నభేది మాత్రం గాలికి నిజంగానే మారిపోయింది. కొత్తదాన్ని చల్లారిన టీ డికాషన్‌లో వేస్తే మొదట కొద్దిగా నల్లబడి, గాలి తగిలిన కొద్దీ చిక్కబడుతుంది. మీదాన్ని వేస్తే వేసిన వెంటనే నల్లగా అవుతుంది. అలా అయితే అందులో ఇనుము చాలావరకు ఆక్సీకరణ చెందిందన్నమాట. సిరాకు పనికొస్తుంది, కొలత లెక్క ఉన్న ప్రయోగాలకు పనికిరాదు.

హైపో గడ్డకట్టినా గుణం పోదు. చిన్న ముక్క నీళ్లలో కరిగించి, వేరే గ్లాసులో నీళ్లలో ఒక చుక్క బెటాడిన్ వేసి, ఆ గోధుమరంగు నీళ్లలో హైపో నీళ్లు పోయండి. రంగు విరిగిపోతే బాగున్నట్టే. సున్నం సంగతి అలా కాదు. సీసా మూత వదులైతే ఏళ్లలో గాలిలోని బొగ్గుపులుసు వాయువు పీల్చుకుని సుద్దగా మారిపోతుంది. కొంచెం తీసి వెనిగర్ చుక్క వేయండి. బుసబుసా పొంగితే అది సున్నం కాదు, సుద్ద. పర్మాంగనేట్ ఒక్క పలుకును గ్లాసెడు నీళ్లలో వేస్తే గులాబీ రావాలి. గోధుమరంగు మట్టి దిగితే విరిగిపోయినట్టు.

డబ్బా తెరవగానే ముక్కు మంటపుట్టే ఘాటు వస్తోందా? వస్తే నవసారం, సున్నం ఒలికి తడికి కలిశాయి, వచ్చేది అమోనియా. ఆరుబయట తెరిచి పెట్టి పక్కకు జరగండి.

పారేయడం గురించి. మైలతుత్తం చేపలకు విషం, మోరీలో పోస్తే చివరికి ఏదో చెరువుకే చేరుతుంది. 10 గ్రాములకు అర లీటరు నీళ్లు, ప్లాస్టిక్ బకెట్లో (ఇనుప బకెట్టయితే రాగి దానికే పట్టుకుంటుంది). విడిగా కరిగించిన బట్టల సోడా కొద్దికొద్దిగా పోస్తూ పోండి, సుమారు 12 గ్రాముల పలుకు సోడా పడుతుంది. ఒక్కసారే పోస్తే నురుగు పొంగి బయటికి వస్తుంది. పచ్చటి బురద కిందికి దిగి, పైనీళ్లలో నీలం లేకుండా పోయిందంటే పని అయినట్టు. బురదను వడగట్టి ఆరబెట్టి కవర్లో కట్టండి. పర్మాంగనేట్ అయితే గ్రాముకు లీటరు చన్నీళ్లలో పూర్తిగా కరిగించి, 500 మిల్లీగ్రాముల విటమిన్ సి మాత్రలు ఒక్కొక్కటే వేయండి. ఊదా, గోధుమ, చివరికి రంగులేని నీళ్లు. గ్రాముకు ఆరు మాత్రల దాకా పట్టొచ్చు. పొడి పర్మాంగనేట్ దగ్గరికి గ్లిజరిన్, స్పిరిట్, గంధకం రానివ్వకండి.

పటిక, వంటసోడా మామూలుగా నీళ్లతో వదిలేయొచ్చు. నారింజ సీసా, గులాబీ సీసా, జాలి, ఆరిన బురద ఈ నాలుగూ ఇంటి ప్రమాదకర చెత్త కిందికి వస్తాయి. ఘన వ్యర్థాల నిబంధనలు దీన్ని తడి, పొడి చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వమంటాయి. చెత్త బండికి ఊరికే అందించకుండా బల్దియా (మున్సిపాలిటీ) శానిటేషన్ వాళ్లను ఎక్కడ తీసుకుంటారో అడిగి ఇవ్వండి. డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో తెలిసినవాళ్లుంటే రెండు సీసాలు వాళ్లు తీసుకోవచ్చు. ముందు అడగండి, తీసుకెళ్లి బల్ల మీద పెట్టేసి రావొద్దు.

అట్టపని:
డబ్బా తప్పకుండా బాగవుతుంది. పైన జాలి గురించి చెప్పింది పూర్తయ్యాకే ఈ పని మొదలుపెట్టండి, ఎందుకంటే ఇందులో మొదటి మెట్టే బ్రష్‌తో దులపడం.

ఒక్క సీసా కదపకముందే ఫోనుతో ఫోటోలు తీయండి. ట్రే మొత్తం ఒకటి, గుంట గుంటకు ఒకటి. లేబుల్ ఊడిన సీసా ఏదో చాలాసార్లు గుంటే చెప్తుంది. మూత లోపలి వైపు చూశారా? చాలా సెట్లలో గుంటల పటం అక్కడే అచ్చువేసి ఉంటుంది. మాన్యువల్ చెదలు తిన్నా మూత మిగిలింది కాబట్టి మీ అదృష్టం బాగుండొచ్చు.

వెండిపురుగు, దాని గుడ్లు అట్ట పొరల్లో దాక్కుంటాయి. ఖాళీ డబ్బాను పాలిథిన్‌లో గాలి చొరకుండా కట్టి ఇంటి డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. తీశాక ఒక రోజంతా కవర్ విప్పొద్దు. వెంటనే విప్పితే చల్లటి అట్ట మీద తేమ పేరుకుని అచ్చు రంగు ఉబ్బుతుంది. కలరా ఉండలు మాత్రం వేయకండి. నాఫ్తలీన్ ఆవిరికి థర్మోకోల్ మెత్తబడి కుంగిపోతుంది. ఉండ ఆనుకున్న చోట గుంట పడుతుంది. ఎండలో పెట్టడం కూడా తప్పే, ఒక్క రోజు మే ఎండకు మూత పడవలా వంగుతుంది.

పిన్నులను పైనుంచి లాగొద్దు. లోపలివైపు పిన్ను కాళ్లు మడిచి ఉంటాయి, సన్నటి బ్లేడు వాటి కిందికి దూర్చి నిలువుగా లేపి, అప్పుడు బయటనుంచి మెల్లగా తోయండి. జంగు మరక అట్టలోకి దిగి ఉంటే వదిలేయండి. నిమ్మరసంతో రుద్దితే మరక పలుచబడుతుంది గానీ అట్టలో పులుపు మిగిలి, ఐదారేళ్లలో ఆ చోటే పెళుసుబారుతుంది.

ఇక జిగురు. మైదా జిగురు చాలు, కానీ మైదాను ఉన్నదున్నట్టు ఉడికిస్తే అందులోని జిగటపదార్థం పసుపుబారుతుంది, పురుగుకు విందు. 100 గ్రాముల మైదాను గట్టిగా ముద్దకట్టి అరగంట ఉంచి, లీటరు నీళ్లలో పిసకండి. నీళ్లు పాలలా అవుతాయి, చేతిలో రబ్బరులాంటి ముద్ద మిగులుతుంది; ఆ ముద్ద మనకు వద్దు. పాల నీళ్లను రాత్రంతా కదపకుండా ఉంచి పొద్దున పైనీళ్లు వంపేస్తే అడుగున తెల్లటి గంజిపిండి. ఈ పిండి ఒక చెంచాకు ఐదు చెంచాల నీళ్లు. చల్లగానే కలిపి అరగంట నానబెట్టి, సన్నటి సెగ మీద పదీ పదిహేను నిమిషాలు ఆపకుండా కలపండి. తెల్లదనం పోయి గాజులా మెరిసినప్పుడు దించండి. ముందే దించితే ఆరాక పొడిగా రాలిపోతుంది, అందరూ చేసే తప్పు ఇదే. చల్లారాక పలుచటి బట్టలో వడగట్టండి. మూలలకు గడ్డపెరుగంత చిక్కగా, లేబుళ్లకు మజ్జిగంత పలుచగా. ఫ్రిజ్‌లో మూడు రోజులు, ఆ తర్వాత కొత్తది.

మూలకు లోపలినుంచి చేత్తో చేసిన కాగితం పట్టీ, 3 సెం.మీ. వెడల్పు. కత్తిరించకుండా, తడి బ్రష్‌తో గీత గీసి చింపండి. చింపిన అంచు పోగులతో పలుచగా కలిసిపోతుంది, కత్తిరించిన అంచు ఆరాక అట్ట మీద గీతలా తేలుతుంది. అతికించి, బటర్ పేపర్ అడ్డం పెట్టి, పైన చిన్న అట్టముక్కలు వేసి క్లిప్పులు పెట్టండి. 24 గంటలు.

సెల్లోటేపు: పైన ప్లాస్టిక్ పొర ఎండి ఉంటే దానంతటదే లేస్తుంది. లేవకపోతే హెయిర్ డ్రయర్ తక్కువ వేడితో, అంచు నుంచి మడిచి వెనక్కి లాగుతూ తీయండి. కింద మిగిలిన జిగట రబ్బరుతో పోతుంది. ఆ ఎర్ర మరక పోదు. పోగొడతామని థిన్నర్ పట్టేవాళ్లుంటారు, మరకతో పాటు పిలగాడి ముఖం కూడా పోతుంది.

ట్రేను సబ్బునీటి గుడ్డతో తుడవండి. విరిగిన చోట తెల్ల ఫెవికాల్, లోపల రెండు టూత్‌పిక్‌లు మేకుల్లా గుచ్చండి. థర్మోకోల్‌లో గాలి ఆడదు కాబట్టి ఆరడానికి రెండు రోజులు పడుతుంది. వేరే ఏ ఘాటు జిగురైనా దాన్ని తినేస్తుంది.

ఊడిన లేబుళ్లను నేరుగా సీసాకు అతికించాలని చూడకండి. మెత్తటి ప్లాస్టిక్ సీసాకు గంజి పట్టదు, వారంలో రాలిపోతుంది. సీసా చుట్టూ తెల్ల కాగితం పట్టీ చుట్టి, కాగితం మీద కాగితం అతికించి, దాని మీద లేబుల్ వేయండి.

ఎనుమాముల మల్లన్న:
అట్టపని అన్నా, మైదాల కొంచెం మైలతుత్తం ఏస్తే పురుగు పట్టది గదా? గోడలకు పోస్టర్లు అంటిచ్చెటోళ్లు అదే కదా కలిపేది. సుబేదారి దగ్గర తుత్తం ఎట్లాగూ పారేసేదే ఉండె.

అట్టపని:
కలుపుతారు, పురుగూ పట్టదు. కానీ సినిమా పోస్టర్ రెండు వారాలుంటే చాలు, ఈ లేబుల్ ఇంకో నలభై ఏళ్లు ఉండాలి. రాగి ఉప్పు కాగితం పోగును మెల్లమెల్లగా తినేస్తుంది, తుత్తం పులుపు గుణం దానికి తోడు. పాత పుస్తకాల్లో తుత్తం జిగురు పట్టిన వెన్ను దగ్గర కాగితం ముట్టుకుంటే పొడవుతుంది, చూసే ఉంటారు. గోడకు వాడండి, డబ్బాకు వద్దు. పిల్లలున్న ఇంట్లో వంటగిన్నెలో తుత్తం జిగురు ఉడికించడం అసలే వద్దు.

సుబేదారి:
మూత లోపల చూస్తే పటం ఉంది! 16 గుంటలకు నంబర్లు, పేర్లు ఇంగ్లిషులో. లేబుల్ లేని రెండు 11, 14. 11 పొటాషియం డైక్రోమేట్, 14 కోబాల్ట్ క్లోరైడ్. బ్యూరెట్ గారు చెప్పినవే. జాలి తడిపి కట్టేశాను.

డబ్బా పక్కన కంపెనీ పేరు చిరిగింది. 'బాంబే' అని, ఆరంకెల పిన్‌కోడ్, ధర పక్కన 'లోకల్ టాక్సెస్ ఎక్స్‌ట్రా' అని ఉన్నాయి. ఇది ఎప్పటిదో చెప్పొచ్చా?

పిన్‌కోడ్:
చెప్పొచ్చు, మీరు రాసిన మూడు ముక్కలతోనే. మన దేశంలో పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది కాబట్టి అంతకు ముందుది కాదు. 'బాంబే' 1995లో 'ముంబై' అయింది. అన్ని పన్నులూ కలిపి ఎమ్మార్పీ వేయాలన్న నిబంధన 1990లో వచ్చింది. అంతకు ముందే స్థానిక పన్నులు అదనం అని వేసేవాళ్లు. అంటే మీది 1972కూ 1990కీ నడుమ. పాత స్టాకు అట్టలు ఒకటి రెండేళ్లు అలాగే నడిచి ఉంటాయి, ఆ మాత్రం అటూఇటూ. బార్‌కోడ్ లేదని మీరు రాయలేదు గానీ ఉండదు. 890తో మొదలయ్యే మన బార్‌కోడ్‌లు 1996 తర్వాతివి.

బాంబే అడ్రస్ ఉందని గాజు సామాను కూడా అక్కడిదే అనుకోనక్కరలేదు. దేశంలో స్కూలు సైన్సు పరికరాల తయారీకి పెద్ద కేంద్రం హర్యానాలోని అంబాలా. దీపం అడుగున, టెస్ట్‌ట్యూబ్ అంచున ముద్ర ఉందేమో చూడండి.

మూత మీద పిలగాడి బొమ్మ ఈ సరుకుతో పాటు వచ్చిన ఆనవాయితీ. అమెరికాలో పోర్టర్ సోదరుల కెమ్‌క్రాఫ్ట్ సెట్లు 1910లలో మొదలయ్యాయి, ఆ తర్వాత న్యూ హేవెన్ నుంచి గిల్బర్ట్ కంపెనీవి. మొదట్లో చెక్క పెట్టెలు, తర్వాత కబ్జాలతో తెరుచుకునే రేకు బీరువాలు. మూతల మీద ఎక్కువగా అబ్బాయే. 1950లలో గిల్బర్ట్ అమ్మాయిల కోసమని ఒక సెట్టు తెచ్చింది, పెట్టెకు గులాబీ రంగు వేసి పేరు 'ల్యాబ్ టెక్నీషియన్' అని పెట్టింది. సైంటిస్టు కాదు, టెక్నీషియన్! అదే కంపెనీ 1950లో నిజమైన యురేనియం ఖనిజం ముక్కలతో 49.50 డాలర్లకు అణుశక్తి సెట్టు కూడా అమ్మింది. మీ 11, 14 సీసాలు దాని ముందు బుద్ధిమంతులే.

మీ పిల్లకు కొత్త సెట్టు కొంటే ఐఎస్ఐ గుర్తు చూడండి. 14 ఏళ్ల లోపు పిల్లల ఆటవస్తువులకు అది 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి.

కరక్కాయ:
పాత సెట్టును నింపి ఇవ్వొచ్చా అన్నారు. పాత సీసాల్లో మాత్రం నింపకండి. ఎంత కడిగినా మెత్తటి ప్లాస్టిక్‌లో పాత మందు మిగులుతుంది, పైగా లేబుల్ ఒకటి, లోపల ఉన్నది ఒకటి. అదే అన్నిటికంటే పెద్ద ప్రమాదం. పాత డబ్బాను ఖాళీ సీసాలతో చూడ్డానికి ఉంచండి. పిల్లకు వేరే డబ్బా. దాంట్లోకి కిరాణంలో, ఎరువుల దుకాణంలో దొరికే ఆరేడు సరుకులు చాలు: పటిక, వంటసోడా, నిమ్మ ఉప్పు, అన్నభేది, కరక్కాయ, పాన్ డబ్బా సున్నం, ఎండిన శంఖుపువ్వు. మూతలు గట్టిగా పట్టే గాజు సీసాలు, ఒక్కోదాంట్లో 20 గ్రాములకు మించకుండా. పటిక మాత్రం పావు కిలో తీసుకోండి, ఎందుకో కింద చెప్తాను. అన్నభేది ఐరన్ మాత్రల్లో ఉండేదే అయినా నోట్లో పడితే చిన్నపిల్లలకు విషమే. తాళం ఉన్న అర.

సిరాతో మొదలుపెట్టండి. కరక్కాయ పెచ్చులు 10 గ్రాములు నలగ్గొట్టి 100 మి.లీ. నీళ్లలో పావుగంట మరిగించి వడగట్టండి. తేనెరంగు కషాయం వస్తుంది. 3 గ్రాముల అన్నభేదిని కొద్ది నీళ్లలో విడిగా కరిగించి, పుల్లతో ఒక చుక్క తీసి కషాయంలో వదలండి. చుక్క పడిన చోట ముదురు మబ్బులా విచ్చుకుంటుంది. మొత్తం కలిపాక వెంటనే రాస్తే అక్షరం లేతగా ఉంటుంది, మరునాటికి నల్లబడుతుంది. కాగితం మీద గాలి చేసే పని అది. వేడి కషాయంలో కలపొద్దు, సిరా ముద్దలు ముద్దలుగా విరిగి అడుగుకు దిగుతుంది. ఇనుప గిన్నె వాడితే అన్నభేది వేయకముందే కషాయం నల్లబడి ప్రయోగం చెడుతుంది, కాబట్టి స్టీలుగానీ గాజుగానీ. పాత సెట్టులోని జంగు రంగు అన్నభేదితో ఒక గ్లాసు, కొత్త ఆకుపచ్చ అన్నభేదితో ఒక గ్లాసు పక్కపక్కన చేయిస్తే, బ్యూరెట్ గారు చెప్పిన తేడా పిల్ల తన కళ్లతోనే చూస్తుంది. పాత సీసా మీరే తెరిచి చిటికెడు తీసివ్వండి.

పటిక స్ఫటికం అందరికీ తెలిసిందే, మనవైపు ఎక్కువగా చెడేదీ అదే. 100 మి.లీ. వేడినీళ్లకు 30 గ్రాములు. పూర్తిగా కరిగాక వడగట్టి, మూత మీద కాగితం వేసి కదలకుండా పెట్టండి. మరునాటికి అడుగున చిన్న పలుకులు. అన్నిట్లోకి అంచులు సరిగ్గా ఉన్నదాన్ని ఏరి నైలాన్ దారానికి కట్టి, అదే నీళ్లు ఇంకా 10 గ్రాములు పటిక వేసి వేడిచేసి, పూర్తిగా చల్లార్చి, అప్పుడు వేలాడదీయండి. గోరువెచ్చగా ఉండగానే దింపితే పలుకు కరిగి దారం ఖాళీగా మిగులుతుంది. దారం మీద ఇంకో నలుసు మొలిస్తే గీకేయాలి, లేకపోతే రెండూ కలిసి గడ్డ అవుతుంది. అసలు చిక్కు ఎండాకాలంలో. మన దగ్గర మే నెల మధ్యాహ్నం గది వేడెక్కి నీళ్లు ఇంకొంత పటికను కరిగించుకుంటాయి, రాత్రికి మళ్లీ వదులుతాయి. స్ఫటికం పగలు అరుగుతూ రాత్రి పెరుగుతూ అంచులు మొద్దుబారిపోతాయి. డిసెంబర్, జనవరిలో చేయండి, లేదా గ్లాసును పెద్ద నీళ్ల బకెట్లో నిలబెట్టండి. బకెట్ నీళ్లు అంత తొందరగా వేడెక్కవు. పావు కిలో ఎందుకంటే మొదటి రెండుసార్లు చెడుతుంది.

శంఖుపువ్వులు పది, 100 మి.లీ. వేడినీళ్లు, పది నిమిషాలు. నీలం నీళ్లకు నిమ్మ ఉప్పు తగిలితే ఊదా ఎరుపు, వంటసోడాకు ఆకుపచ్చ వైపు. హోలీ రోజుల్లో మోదుగపువ్వు దొరికితే అదీ చేయండి, సోడాకు పసుపు నారింజగా చిక్కబడుతుంది. పాత లిట్మస్ పుస్తకాన్ని వాడకండి, గాలికి రంగు ఎప్పుడో తప్పి ఉంటుంది.

సున్నపు తేటకు పావు చెంచా సున్నం చాలు. లీటరు నీళ్లలో రెండు గ్రాములు కూడా కరగదు, మిగతాది అడుగుకే. సీసా నిండా నీళ్లు పోసి మూత బిగించి రాత్రంతా తేర్చి, పైతేటను వంచుకుని స్ట్రాతో ఊదాలి, పీల్చకూడదు. కంటికి అద్దాలు పెట్టుకోనిది సున్నం సీసా తెరవనివ్వకండి. కంట్లో పడితే ధారగా నీళ్లతో పావుగంటకు తక్కువ కాకుండా కడిగి ఆస్పత్రికి వెళ్లాలి.

సుబేదారి:
అందరి సలహాలకూ ధన్యవాదాలు. ఒక్కటే మిగిలింది: పాత ఆరు టెస్ట్‌ట్యూబుల్లో పగుళ్లు లేవు. వాటిని, స్పిరిట్ దీపాన్ని పిల్లకు ఇవ్వొచ్చా?

బ్యూరెట్:
దీపం వద్దు. గాజు మెడ దగ్గర కనిపించని పగులు ఉంటే వెలుగుతున్నప్పుడే స్పిరిట్ బల్ల మీద పారుతుంది. కరక్కాయ గారు చెప్పిన వాటిల్లో దేనికీ దీపం అవసరం లేదు. స్టీలు గ్లాసులో వేడినీళ్లు పోసి అందులో ట్యూబు నిలబెట్టడం చాలు.

ట్యూబులు మామూలు గాజా, బోరోసిలికేటా (వేడిని తట్టుకునే గాజు) అన్నది వంటింట్లోనే తేలుతుంది. గ్లాసులో పల్లినూనె గానీ సన్‌ఫ్లవర్ నూనె గానీ పోసి, ట్యూబు లోపల కూడా నూనె నిండేలా ముంచి పక్కనుంచి చూడండి. బోరోసిలికేట్ అయితే మునిగిన భాగం కంటికి దాదాపు మాయమవుతుంది, ఎందుకంటే రెండింటిలోనూ వెలుతురు ఇంచుమించు ఒకేలా వంగుతుంది. మామూలు గాజు నూనెలో కూడా అంచులతో స్పష్టంగా కనిపిస్తుంది. లోపల గాలి బుడగ ఉంటే ఏ గాజైనా కనిపిస్తుంది, అది చూసి పొరపడొద్దు. మాయమైనవి సబ్బుతో కడిగి ఇవ్వండి. కనిపించేవి చల్లటి పనులకు సరే, మరిగే నీళ్లు పోస్తే అడుగు ఊడి చేతిలోకి వస్తుంది. కడగడానికి పాత ట్యూబు బ్రష్ వాడకండి; కొసన కుచ్చు రాలిపోయి ఇనుప తీగ తేలితే గాజు లోపల గీత పడుతుంది, ట్యూబు తర్వాత పగిలేది ఆ గీత దగ్గరే.